గురి ఎవరి మీద?



ఫిలింనగర్ బస్తీలో మేము సేవ చేయుచున్న సంఘములో చాలామంది జూబ్లీహిల్స్ బంగళాలలో మాలులుగా, వాచ్‌మెన్లుగా, వంటవారుగా పనిచేస్తారు. గత సంవత్సరము జామకాపు సమయంలో వారిలో ఒక సహోదరుడు ఆరాధన అయిన తరువాత మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు కాలేజీలో ఎన్.సి.సి. చేశారు గదా. తోటకు ఒక ఎయిర్‌గన్ కొనాలి. మంచిదేదో చూసిపెట్టండి" అన్నాడు.

పగలు రామచిలుకలు, ఉడుతలు కాయలు కొరుకుతున్నవి. రాత్రి పందికొక్కులు మొక్కల మొదళ్ళు త్రవ్వుతున్నవి. యజమాని డబ్బులిచ్చి, ఈసారి కాయలు దక్కకపోతే వేరే మాలిని చూసుకుంటామన్నారట. ఆ పని పోతే క్వార్టరు కూడ పోతుంది.

మేము వెనుకాడలేదు. మమ్మును అడిగినందుకు లోలోపల సంతోషించాము కూడ. అతనితో దుకాణానికి వెళ్ళాము. గొట్టమును మధ్యకు విరిచి స్ప్రింగు బిగించే రకము చూశాము. ఇందులో తుపాకిమందు ఉండదు. బిగిసిన స్ప్రింగు వదలగానే గాలిని నొక్కుతుంది, ఆ గాలి సీసపు గుండును తోస్తుంది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టము 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు మించకపోతే లైసెన్సు అక్కరలేదు. బరువు చూశాము, సేఫ్టీ చూశాము, బేరము కూడ మేమే ఆడాము.

మరునాటి సాయంకాలము ప్రార్థనకు వారి గదికి వెళ్ళాము. తుపాకి గోడకు ఆనించి ఉన్నది. మేము బైబిలు తెరుస్తుండగా వారి ఏడేళ్ళ కుమారుడు దానిని ఎత్తి, సినిమా హీరోవలె ఒక కన్ను మూసి, నేలమీద ఆడుకుంటున్న చెల్లెలి వైపు పెట్టాడు. ఫిలింనగర్ పిల్లలకు తుపాకి అంటే షూటింగులో పేలే వస్తువు. పడినవాడు కట్ అనగానే లేచి టీ త్రాగుతాడు. వాడు నవ్వుతూ ట్రిగ్గర్ లాగాడు. తల్లి కేక వేసింది. స్ప్రింగు బిగించి లేదు గనుక ఏమియు కాలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. 2022లో సంగారెడ్డి జిల్లాలో ఒక ఫాంహౌస్‌లో ఎయిర్‌గన్ పేలి నాలుగేళ్ళ పాప మరణించిన వార్త మేము చదివినదే. ఆ కుటుంబము కొరకు ప్రార్థించినదే. దుకాణంలో నిలబడినప్పుడు అది జ్ఞాపకము రాలేదు. ఏ తుపాకి అని అడిగాము గాని, దేని మీద అని అడగలేదు.

తెల్లవారి విచారించగా సంగతులు తెలిసినవి. రామచిలుకను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారం నేరము. అదే చట్టములో కాకులు, పండ్లు తినే గబ్బిలాలు, ఎలుకలు హానికరమైనవిగా ఒక జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ జాబితానే తీసివేశారు. దగ్గరలోనే కె.బి.ఆర్. నేషనల్ పార్కు ఉన్నది, అందులో నెమళ్ళున్నవి. ఇక జూబ్లీహిల్స్ అంతా రాతినేల. రాతికి తగిలిన గుండు ఎటు మళ్ళుతుందో కాల్చినవానికి తెలియదు.

సహోదరునితో కలిసి యజమానిని కలిశాము. అతని చేతులు వణుకుచున్నవి. యజమాని మొదట నవ్వారు. పిల్లవాని సంగతి, చట్టము సంగతి విన్న తరువాత కొంతసేపు ఊరకుండి, "సరే, ఈ ఒక్క కాపు చూద్దాం" అన్నారు. తుపాకి వాపసు ఇచ్చాము. దుకాణదారుడు తగ్గించిన సొమ్ము మేమే పెట్టుకున్నాము. తప్పు మాది గదా! చెట్టుకు సన్న వల బిగువుగా కట్టించాము, వదులుగా ఉంటే పక్షులు చిక్కుకుంటాయి. అందిన కాయలకు కాగితపు సంచులు కట్టారు. పందికొక్కులకు బోనులో ఎండుచేప పెట్టారు. పై కొమ్మలు మాత్రము వదిలివేశారు. ద్రాక్షతోటలో పరిగె బీదలకు విడిచిపెట్టమన్న ఆజ్ఞ (లేవీ 19:10) ఆ సహోదరునికే జ్ఞాపకము వచ్చినది. కాయలన్నీ దక్కలేదు గాని పని నిలిచినది.

పల్లెలలోని ప్రియులారా, కోతులతో, పందులతో మీరు పడే బాధ మేము ఎరుగుదుము. అయినను ఇంటికి తుపాకి తెచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనండి. దేనిని కొట్టాలి? గురి తప్పితే దాని వెనుక ఎవరున్నారు? ఇంట్లో తాళము వేసి ఎక్కడ ఉంచుతాము? గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పలేదా (లూకా 14:28)?

చౌకగా అమ్ముడుపోయే పిచ్చుకను సైతము మరువని తండ్రి (లూకా 12:6) ఆ సాయంకాలము ఆ చిన్నబిడ్డను మరువలేదు. మరచినవారము మేమే. ఆ పాప ఇప్పుడు సండేస్కూలులో ముందు వరుసలో కూర్చుంటున్నది. ఆమెను చూచినప్పుడెల్ల దేవునికి స్తోత్రము చెల్లించుచున్నాము.