పసిబిడ్డ తల - తల్లిపై నింద

బిడ్డ తల యొకప్రక్క చదునైనచో మన యిండ్లలో మొదట నింద పడునది తల్లిమీదనే. ఈ తప్పు మేమును జేసితిమి గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాది కోనసీమలో రాజోలు ప్రాంతపు పల్లె. మా యమ్మాయి తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి, నెలలు నిండకమున్నే మగబిడ్డను గనెను. మూడవ నెలలో నొకనాడు తల కంటుచుండగా, తల వెనుక కుడిభాగము బల్లపరుపుగా నున్నట్లు మా చేతికి దెలిసెను. నీళ్లుపోయు ముసలమ్మ “తల్లి సరిగా తల యొత్తలేదమ్మా” అనెను. మేమును నమ్మి అమ్మాయిని మందలించితిమి. ఆవాల దిండు కుట్టించి బిడ్డ తలక్రింద నుంచితిమి. అమ్మాయి మారు పలుకలేదు. ఆ రాత్రి బిడ్డ ప్రక్కను గూర్చుండి కన్నీరు గార్చుచుండగా జూచితిమి.

మరునాడు అమలాపురమున పిల్లల వైద్యునికడకు బోయితిమి. ఆయన మొదట దిండు దీసివేయుడనెను; అది పసిబిడ్డ యూపిరికే అపాయమట. పిదప నిట్లు వివరించెను: శిశువు కపాలము ఒక్క యెముక కాదు, మెత్తని పలకల కూర్పు. ప్రసవవేళ నొదుగుటకును, మెదడు పెరుగుటకును అది యట్లుండవలెను. ఎల్లప్పుడు నొకేచోట నొత్తిడి పడినచో నక్కడ చదునగును. తొలిచూలు బిడ్డలకును, మగపిల్లలకును, కవలలకును, నెలలు నిండనివారికిని, పరికరములతో బయటికి దీయబడినవారికిని ఇది యెక్కువ. మెడకండర మొకవైపు బిగిసియున్నను, ఒకే చేతిమీద నుంచి పాలసీసా పట్టుచున్నను, మేలుకొన్నప్పుడు బోర్ల పరుండబెట్టకున్నను కలుగవచ్చును.

మా మనుమనికి మెడ కొంచెము బిగిసియుండెను. పైగా వాని పడక కెడమప్రక్క గోడ. కుడిప్రక్క తల్లియు, వాకిటి వెలుతురును. వాడెప్పుడును కుడివైపే చూచుచుండెను! తల యొత్తకపోవుట యీ కారణములలో లేనేలేదు.

“అట్లయిన బోర్ల నిద్రపుచ్చుదుమా?” యని యడిగితిమి. “ఎన్నడును వలదు” అని ఆయన చెప్పెను. 1992లో అమెరికా శిశువైద్యుల సంఘము పసివాండ్రను బోర్ల నిద్రపుచ్చవలదనెను. 1994 నుండి వెల్లకిల నిద్రపుచ్చుడని అచట గొప్ప ప్రచారము జరిగెను. నిద్రలో హఠాత్తుగా మరణించు శిశువుల సంఖ్య సగమునకు బైగా దగ్గెను. తల చదునైన బిడ్డలు మాత్ర మెక్కువగా గానవచ్చిరి. అందుచేత నిద్రకు వెల్లకిల, ఆటకు బోర్ల యన్నదే సూత్రము.

నాటినుండి వాని తల ఒకనాడు పడక యీ కొనకును, మరునాడు ఆ కొనకును ఉంచితిమి. మేలుకొన్నప్పుడు మా కన్నులయెదుట చాపమీద దినమునకు పలుమారులు బోర్ల నుంచితిమి. వైద్యుడు చూపిన మెడసాధనము అమ్మాయియే చేయించెను. తలకు నూనె మెల్లగా రాచితిమేగాని యొత్తుట మానితిమి.

ఒక్క హెచ్చరిక. పలకల యతుకువెంట గట్టువలె లేచినను, మాడు మరీ ముందుగా మూసికొన్నను, తల పెరుగకున్నను అది వేరు వ్యాధి కావచ్చును. వెంటనే వైద్యునికి జూపవలెను.

అయిదవ నెలలో మనుమడు తనంతట బోర్లపడెను. చదును చాలవరకు దగ్గినది; పూర్తిగా బోలేదు. వాడుక ప్రకారము బొబ్బట్లు చేసి యిరుగుపొరుగువారికి బంచితిమి. మొదటిది అమ్మాయి చేతబెట్టి “తప్పు నీది కాదు, తల్లీ” అంటిమి. ఆ మాట మూడవ నెలలోనే అనవలసినది.