మా రూములో సి.ఎన్.సి. మిషను

ఈ సంచికకు కథలు, కవితలు చాలా వచ్చాయని, చదువుకు పనికొచ్చేది ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్ళు మమ్మల్ని అడిగారు. అందుకే 2023 డిసెంబరులో మా రూములో పదకొండు రోజులున్న చిన్న సి.ఎన్.సి. రూటర్ గురించి రాస్తున్నాం.

చూడనివారి కోసం రెండు మాటలు. కంప్యూటర్లో గీసిన బొమ్మ ప్రకారం చెక్కను, ప్లాస్టిక్ షీటును కోసే మిషను అది. ఆజ్ఞలు యు.ఎస్.బి. వైరు ద్వారా ఆర్డుయినో ఊనో బోర్డుకు వస్తాయి. అందులో జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. బోర్డు నుంచి డ్రైవర్ అనే చిన్న ముక్కకు, అక్కడి నుంచి స్టెప్పర్ మోటారుకు, మోటారు నుంచి స్క్రూకు. ఎక్స్, వై, జెడ్ అని మూడు దిక్కులకు మూడు మోటార్లు.

మా డిపార్ట్‌మెంటు స్టోరు రూములో అది రెండేళ్ళుగా మూలన పడి ఉంది. రిపేరుకు వచ్చినతను బోర్డు, మూడు మోటార్లు మార్చాలన్నాడట. అంత డబ్బు ఎవరు పెడతారు? జనవరిలో స్టాక్ వెరిఫికేషన్. అప్పటికి నడవకపోతే కండెమ్ చేసి తుక్కు కింద అమ్మేస్తారు. ప్రాజెక్టు ముక్కలు బయట కోయించుకోవడానికి ఫైనలియర్ తమ్ముళ్ళు టిఫిన్ మానుకుని డబ్బులు మిగుల్చుకోవడం మేము చూస్తూనే ఉన్నాం. సార్‌ని అడిగి, రిజిస్టర్లో సంతకం పెట్టి, మిషనును ఆటోలో హాస్టల్‌కు తెచ్చేశాం. మేము ముగ్గురం.

మొదట కంప్యూటరుకు బోర్డే కనబడలేదు. దాని మీద సి.హెచ్.340 అనే చిప్ ఉంది. దానికి తగిన డ్రైవర్ ఎక్కించి, వేగం 1,15,200 పెట్టగానే జవాబు వచ్చింది. (ఇక్కడ డ్రైవర్ అంటే సాఫ్ట్‌వేర్. ముందు చెప్పిన డ్రైవర్ వేరు. ఈ పేర్లు పెట్టినవాళ్ళకు దండం పెట్టాలి.)

తర్వాత ఎక్స్ మోటారు. తిరగదు, గుర్రుమని వణుకుతుంది. మాలో ఒకరి నాన్న ఊళ్ళో బోరు మోటార్లకు వైండింగ్ కడతారు. ఫోన్ చేసి అడిగితే, "ముందు వైరు చూసుకోండ్రా, మోటారు అంత తొందరగా చావదు" అన్నారు. కరెంటు తీసేసి, ఎక్స్ వైరును జెడ్ స్థానంలో పెట్టి చూశాం. అక్కడా వణికింది. అంటే బోర్డుది, డ్రైవర్‌ది తప్పు కాదు. మోటారుకు నాలుగు తీగలు, రెండు జతలు. ఒక జత రెండు కొసలూ కలిపి చేత్తో తిప్పితే ఇరుసు బిగుసుకోవాలి. మోటారు దగ్గర కలిపితే బిగుసుకుంది. వైరు ఈ చివర కలిపితే బిగుసుకోలేదు. వైరు వంగి వంగి లోపల రాగి తెగిపోయింది, పైన తొడుగు మాత్రం నిక్షేపంగా ఉంది. ఒక మీటరు వైరుతో ఎక్స్ బాగుపడింది. తమ్ముళ్ళూ, కరెంటు ఉండగా మోటారు వైరు పీకకండి, డ్రైవర్ కాలిపోతుంది.

మమ్మల్ని మూడు రాత్రులు నిద్రపోనివ్వనిది వై. 50 మిల్లీమీటర్లు కదలమంటే 25 కదిలేది. స్టెప్పర్ మోటారు ఎంత తిరిగిందో కంప్యూటరుకు తిరిగి కబురు రాదు. తెర మీద 50 అనే ఉంటుంది. స్కేలు పెట్టి మనమే కొలవాలి. లెక్క వేశాం. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు, ఒక్కో అడుగును డ్రైవర్ 16 భాగాలు చేస్తుంది, చుట్టుకు స్క్రూ 8 మిల్లీమీటర్లు జరుపుతుంది. 200 ఇంటూ 16 బై 8, అంటే మిల్లీమీటరుకు 400. సెట్టింగులో 400 ఉంది. లెక్క తప్పు కాదు. మరి సగమెందుకు?

టార్చి వేసి డ్రైవర్ల మీద అక్షరాలు చదివితే తెలిసింది. ఎక్స్, జెడ్‌లకు ఎ4988 ఉంది, వైకి మాత్రం డి.ఆర్.వి.8825. ఎప్పుడో ఎవరో మార్చారు. మూడు జంపర్లూ పెడితే మొదటిది అడుగును 16 భాగాలు చేస్తుంది, రెండోది 32 చేస్తుంది. వై విలువను 800 చేయగానే 50కి 50 వచ్చింది. రాత్రి రెండింటికి మేము వేసిన కేకకు పక్క రూము వాళ్ళు లేచి వచ్చారు.

అయినా కోసిన వృత్తం కొసలు కలవలేదు. స్క్రూ జారుతోందా, మోటారు అడుగులు వదిలేస్తోందా? కప్లింగు మీద, ఇరుసు మీద కలిపి పెన్నుతో ఒక గీత గీశాం. కోత అయ్యాక కూడా గీత చీలలేదు. జారడం లేదు, బలం చాలడం లేదు. డ్రైవర్ మీద బుల్లి స్క్రూ దగ్గర మీటరు పెడితే 0.25 వోల్టులు. 8825లో దానికి రెట్టింపు ఆంపియర్లు, అంటే అర ఆంపియరే. 1.5 ఆంపియర్ల మోటారు అది. 0.5 వోల్టులకు పెంచితే ఒక ఆంపియరు అయింది, వృత్తం కలిసింది. మా దగ్గరున్న ఎ4988లో అదే ఒక ఆంపియరుకు 0.8 వోల్టులు కావాలి. రెండింటికీ ఒకే లెక్క వాడితే ఒకటి మాడుతుంది.

జనవరిలో వెరిఫికేషన్‌కు వచ్చినవాళ్ళ ముందు చెక్క మీద వృత్తం కోసి చూపించాం. రిజిస్టర్లో "పనిచేయుచున్నది" అని రాశారు. మిషను ఇప్పుడు ల్యాబులో ఉంది. జెడ్ స్క్రూ ఇత్తడి నట్టులో కొంచెం లూజు ఇంకా ఉంది, దిశ మారినప్పుడల్లా తేడా వస్తుంది. నట్టు మార్చాలి. కొలతలన్నీ రాసిన నోటుబుక్కును మిషనుకే తాడుతో కట్టాం.