పటానికో మధ్యవర్తి

కంప్యూటర్లో మ్యాపు చూడటం ఇప్పుడు చిన్నపిల్లలకీ తెలుసు. ఊరి పేరు కొడితే సందులతో సహా కనిపిస్తుంది. కానీ ఆ మ్యాపు ఒక్కచోట తయారై రాదు. రోడ్లు ఒక సర్వరు నుంచి వస్తే, ఉపగ్రహ చిత్రం మరో సర్వరు నుంచి వస్తుంది. బావుల లెక్కలు ఇంకోచోట ఉంటాయి. వాటన్నిటినీ ఒక తెరమీదకు చేర్చడమే నా ఉద్యోగం.

2010 వేసవిలో సత్తెనపల్లి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. ‘మిరపతోటలో బోరు వేద్దామనుకుంటున్నారా. అప్పు తేవాలి. మన చుట్టుపక్కల నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో నీ కంప్యూటరేమైనా చెబుతుందా?’ అన్నాడు. చూసి చెబుతానన్నాను.

బావుల చుక్కలు మ్యాపు మీదకు చక్కగానే వచ్చాయి. చుక్కను నొక్కితే మాత్రం నీటిమట్టం రాలేదు. బ్రౌజరుకో కట్టుబాటు ఉంది. వేరే సర్వరు నుంచి బొమ్మను తెచ్చి చూపించవచ్చు కానీ, అక్కడి సమాచారాన్ని మన పేజీలోని ప్రోగ్రాము చదవకూడదు. 1995లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో మొదలైన నియమమిది. అదే లేకపోతే, మనం సరదాగా తెరిచిన ఏ పేజీ అయినా, పక్కనే తెరిచి ఉన్న మన బ్యాంకు ఖాతాను చదివేయగలదు. అడ్డొచ్చిందని దాన్నెలా తిట్టుకుంటాం?

అప్పటికి దారులు రెండు. ఒకటి, 2005లో వచ్చిన జేసన్‌పీ. సమాచారానికి ప్రోగ్రాము వేషం వేసి పంపడమన్నమాట. వేరేచోటి ప్రోగ్రామును నడపడానికి బ్రౌజరు అభ్యంతరం చెప్పదు. కాకపోతే అవతలివాళ్లు ఆ వేషం వేసి పంపాలి. పైగా వాళ్లేం పంపినా మన పేజీలో నడిచిపోతుంది. రెండోది ప్రాక్సీ. బ్రౌజరు మన సర్వరునే అడుగుతుంది. మన సర్వరు వెళ్లి అవతలి సర్వరు నుంచి తెచ్చి ఇస్తుంది. సర్వర్ల మధ్య ఆ కట్టుబాటు లేదు.

ప్రాక్సీయే పెట్టాను. బాబాయికి చెబితే, ‘మన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి లాంటిదన్నమాట. పని జరుగుతుందిగానీ, ఓ కన్నేసి ఉంచు’ అన్నాడు. నిజమే. అదుపులేని ప్రాక్సీ ఎవరు ఏది అడిగినా తెచ్చిస్తుంది. మన సర్వరు చాటున ఇంకెవరో దొంగపనులు చేసుకోవచ్చు. అందుకే అది వెళ్లదగ్గ సర్వరు పేరు ఒక్కటే రాసిపెట్టాను. ఆ లెక్కలు అందరూ చూసుకోవడానికి ఇచ్చినవే.

ఆ సాయంత్రం నీటిమట్టాలు చదివి వినిపించాను. ఏటికేడూ కిందికే పోతున్నాయి. బాబాయి కాసేపు మాట్లాడలేదు. ‘అయితే ఈ ఏడు బోరొద్దులే. తోట తగ్గించి పత్తి వేస్తా’ అన్నాడు.

తర్వాత 2014 జనవరిలో డబ్ల్యూ3సీ ‘కోర్స్’ అనే పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. తన సమాచారాన్ని ఏ పేజీలు చదువుకోవచ్చో సర్వరే ఒక్క వాక్యంలో చెబుతుంది. అలా చెప్పిన చోట మధ్యవర్తితో పనిలేదు. చెప్పనిచోట ప్రాక్సీని ఇప్పటికీ ఆశ్రయించాల్సిందే. సత్తెనపల్లి 2022లో పల్నాడు జిల్లాలోకి వెళ్లింది కానీ, నీళ్లకోసం అప్పుచేసే రైతులు అక్కడింకా ఉన్నారు. ప్రజలకోసం సేకరించిన లెక్కలకు ఆ ఒక్క వాక్యం జతచేయడం పెద్ద పనేం కాదు. బోరు వేయాలా వద్దా అని తర్జనభర్జన పడే ఇంట్లో మాత్రం, అది ఒక ఏడాది అప్పుతో సమానం.