ఎంతకిస్తవు? (ఆరె–రంపె ముచ్చట్లు – 9)

మొన్న యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది. ఎంఏ అయిపోయింది, నెట్ పరీక్ష గట్టెక్కలేదు, ఊరికి పోవాలని లేదు. బొమ్మలు మాత్రం మస్తు వేస్తది. గుడ్డ సంచుల మీద సావిత్రిబాయి బొమ్మ, ఫూలే బొమ్మ వేసి అమ్ముకుంటూ, ఆ పని గురించి ఒక బ్లాగు రాసుకుంటూ బతకొచ్చా అక్కా అని అడిగింది. పేరేం పెట్టాలె, లోగో ఎట్లుండాలె, ఏ రంగు బాగుంటది అని నలభై నిమిషాలు మాట్లాడింది. అంతా విని నేను ఒక్కటే అడిగిన. "ఒక్క సంచి ఎంతకిస్తవు?"

చప్పుడు లేదు. కాసేపటికి, "నువ్వే చెప్పక్కా, ఎంతో కొంత..." అన్నది.

ఆ "ఎంతో కొంత" గురించే ఈ వారం ముచ్చట.

మా తాత జనగామ దిక్కు ఒక ఊళ్ళె లంద నడిపిండు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును, తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్ళల్ల రోజుల తరబడి ఊరేసేటోడు. ఆ వాసన మా వాడ దాటి పోయేది కాదు, మమ్మల్ని కూడా దాటనిచ్చేది కాదు. మోట బొక్కెన కుట్టిండు, ఎడ్లకు వార్లు కోసిండు, ఊరందరి కాళ్ళకూ చెప్పులు కుట్టిండు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అడిగిన: "తాతా, ఒక మోట బొక్కెన ఎంతకిచ్చేటోనివి?" నవ్విండు. "ఇచ్చుడే గాని, ఎంతకు అనేది ఏడిది బిడ్డా?"

పంట కోసినంక కల్లం కాడికి పోతే, దొరకు బుద్ధి పుట్టినన్ని గింజలు. అడుగున మిగిలిన మట్టి గింజలు. అదే కూలి. ఏడాది పొడుగునా చేసిన పనికి ధర చెప్పే నోరు చేసినోనికి లేదు, తీసుకున్నోనికి ఉన్నది. తాత చేతిలో ఉన్న పనితనం నాకు కొంచెమన్నా వచ్చింది గానీ, దాంతోపాటు ఆ నోరు లేకపోవడం కూడా వచ్చింది. అది నాకు తెలవడానికి రెండేండ్లు పట్టింది.

2019లో నేను డైరీ కవర్లతో మొదలుపెట్టిన. తాత ఆరె, రంపె, ఒక చెక్క పీట, రెండు సూదులు, మైనం దారం. చెన్నై పెరియమేట్‌కు పోయి మేక తోళ్ళు తెచ్చిన. మొదటి ఇరవై కవర్లు 300కు ఒకటి చొప్పున అమ్మిన. అన్నీ పోయినయ్. నేను గొప్ప వ్యాపారం చేస్తున్న అనుకున్న! ఓ రాత్రి మా తమ్ముడు, వాడు బీకాం, కాగితం మీద లెక్క రాసిండు. కోతలో పోయేది కలుపుకొని ఒక్క కవరుకు తోలు అడుగున్నర, 165 రూపాయలు. లోపలి నోట్‌బుక్కు 70. దారం, గుండీ, మైనం 20. ప్యాకింగ్ 15. మొత్తం 270. నాకు మిగిలింది 30. ఒక్క కవరుకు ఎంతసేపు పడ్తది అని అడిగిండు. కోసుడు, అంచులు గీకుడు, రెండు సూదుల కుట్టు, మళ్ళీ అంచులు నున్నగ రుద్దుడు, మొత్తం మూడు గంటలు.

గంటకు పది రూపాయలు. 2024-25లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే మట్టి పని చేస్తే వచ్చే దాంట్లో సగం కూడా రాని పనికి నేను "బ్రాండ్" అని పేరు పెట్టుకున్న. దొర లేడు, కల్లం లేదు, ఎవరూ అడగలేదు. నాకు నేనే అడుగు గింజలు కొలుచుకున్న.

ఇప్పుడు నేను గంటకు వంద వేసుకుంటున్న. 270కి 300 కలిస్తే 570. చెడిపోయే ముక్కలు, పనిముట్ల అరుగుదల, చెన్నై ఛార్జీలు ఉంటయి గదా, వాటికి ఇంకో 80. అది 650. షాపులో పెట్టేటోనికి కూడా కొంత పోవాలె కాబట్టి 750. ఈ ధర నోటితో చెప్పడానికి నేను అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన. నవ్వకండి. "ఏడు వందల యాభై" అని చెప్పి నోరు మూసుకోవాలె. వెంటనే "కానీ మీకైతే..." అని మొదలుపెట్టొద్దు. ఆ "కానీ" కల్లం కాడి నుంచి వచ్చిన మాట.

ఒక ప్రొఫెసర్ సారు, మంచోడే, మన మీటింగులకు వస్తడు, కవరు తిప్పి తిప్పి చూసి, "ఇంత రేటా? మీవాళ్ళు ఇండ్లల్లనే చేసుకుంటరు గదమ్మా" అన్నడు. కోపంతో అనలేదు, ప్రేమతోనే అన్నడు. మా ఇండ్లల్ల చేసేది పని కాదు, అలవాటు అని ఆయన లెక్క. మరుసటి నెల ఏదో విదేశీ కంపెనీ బ్యాగు వేసుకొని వచ్చిండు. దాని ధర ఎవరూ అడగలేదు.

సారును తిట్టుడు సులువు. మనోళ్ళ సంగతి కూడా చెప్పాలె. ఒక సంఘం రాష్ట్ర మహాసభకు తోలు పట్టీ ఉన్న సంచులు వంద అడిగింది. ఒక్కొక్కటి 180, మొత్తం 18,000. వాడలో ముగ్గురు ఆడోళ్ళను పెట్టుకొని పది రాత్రులు కుట్టినం. సభ బ్రహ్మాండంగ జరిగింది. వేదిక మీద శ్రమ విలువ గురించి మాట్లాడిన్రు. పైసలు ఎనిమిది నెలలకు వచ్చినయ్, అదీ మూడు ముక్కల్లో. అడిగినప్పుడల్లా "ఉద్యమం కదా అక్కా" అన్నరు. ఆ ముగ్గురు ఆడోళ్ళకు నేను మా అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టి కూలి ఇచ్చిన. ఉద్యమానికి చందా ఇయ్యాలంటే చందా ఇస్త, రసీదు తీసుకుంట. పనికి మాత్రం ఇప్పుడు సగం అడ్వాన్సు, ఎవరైనా సరే. జై భీమ్ అని ఫోన్ ఎత్తినోళ్ళకైనా సరే.

అప్పుల గురించి చాలామంది అడుగుతున్నరు, తొందరగ చెప్పేస్త. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఇంటర్నెట్ సెంటరోడు వెయ్యి అడిగితే ఇయ్యకండి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా మన పేరు మీదనే ఉండె గానీ, అందులో అప్పు 10 లక్షల నుంచి మొదలయ్యేది. పీట మీద కూర్చొని కుట్టేటోళ్ళకు అది పనికిరాలేదు. ముద్రలో శిశు కింద 50,000 దాకా తనఖా లేకుండ ఇయ్యాలె. ఇయ్యాలె అన్న, ఇస్తరు అనలేదు. నేను ఒక బ్యాంకు చుట్టూ ఆరుసార్లు తిరిగిన. నా మాట అడిగితే, మొదటి ఏడాది అప్పు లేకుండ, ఉన్నదాంట్లో చెయ్యండి. మీ వస్తువు ఎవరు కొంటరో తెలవకముందే కిస్తీ మొదలైతే నిద్ర పట్టదు.

ఇగ రాసుడు సంగతి. చెల్లె బ్లాగు అంటే ఇంగ్లీషుల నాలుగు అందమైన లైన్లు, ఒక ఫోటో అనుకుంటున్నది. నేనూ అట్లనే మొదలుపెట్టిన. "సాంప్రదాయ చేతివృత్తుల కుటుంబం నుంచి" అని రాసుకున్న. ఎవరి సాంప్రదాయం, ఏ వృత్తి? పోయినోళ్ళు పోయినట్లు చదివి పోయిన్రు. ఒక బతుకమ్మ పండుగ ముందట, ఏం రాయాల్నో తోచక, తంగేడు గురించి రాసిన. పువ్వును మీరు బతుకమ్మల పేరుస్తరు, తెలంగాణ వచ్చినంక అది రాష్ట్ర పుష్పం కూడా అయింది. అదే చెట్టు చెక్కతోని మా తాత తోలు ఊరేసిండు, పువ్వు గుడికాడికి పోయింది, చెక్క వాడకు వచ్చింది అని. కింద ఒక కవరు ఫోటో, ధర. ఆ వారంల పదకొండు ఆర్డర్లు వచ్చినయ్. అంతకుముందు మూడు నెలల్ల వచ్చినవి నాలుగు.

అప్పుడు సమజైంది. వస్తువు ఎట్ల తయారైందో, ఎవరు చేసిన్రో, ఏది చెడిపోయిందో రాయాలె. కుట్టు వంకరపోయిన కవరు గురించి కూడా రాసిన, అది కూడా అమ్ముడుపోయింది. తెలుగుల రాయాలె, మనం మాట్లాడినట్లే. ఇంకో మాట: కొన్నోళ్ళ పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కుల రాసుకోండి. ఒకసారి నా పేజీ పదిహేను రోజులు మూతపడ్డది, కారణం చెప్పలేదు. నోటుబుక్కే నన్ను కాపాడింది.

కులం పేరు పెట్టాల్నా వద్దా? బాబాసాహెబ్ బరోడా కొలువు వదిలి బొంబాయి వచ్చినంక, 1918ల సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్ కాకముందు, షేర్లు కొనేటోళ్ళకు సలహాలిచ్చే ఒక చిన్న సంస్థ పెట్టిండు. ఆయన అంటరానోడని తెలిసినంక గిరాకీలు రావుడు బందైంది, సంస్థ మూతపడ్డది. కొలంబియాల చదివిన ఆర్థికవేత్తకే అట్లయింది. రెండేండ్లు తిరగకముందే, 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ తెచ్చిండు. సాహూ మహారాజ్ 2,500 రూపాయలు ఇచ్చిండు. పైసలు కడ్తమన్నా ఆ పత్రిక ప్రకటన వేసుకోను పొమ్మన్నది ‘కేసరి’. ఇంకొకరి కాగితంల జాగ లేదు కాబట్టే సొంత కాగితం.

ముంబైల సుధీర్ రాజ్‌భర్ తిట్టుగ వాడే పేరునే తీసుకొని తన సంస్థకు చమార్ స్టూడియో అని పెట్టిండు, ధారావి పనోళ్ళతోని బ్యాగులు చేయిస్తున్నడు. నేను అంత దూరం పోలేదు. "మాదిగ ఇంటి పని" అని రాసిన, అంతే. నగరంల ఒక షాపు నా పన్నెండు కవర్లను డబ్బాల పెట్టి వాపసు పంపింది. "కస్టమర్లు అదోలా అనుకుంటరు మేడం." ఆ పన్నెండు ఇంకో దగ్గర పోయినయ్ గానీ, డబ్బా విప్పిన రోజు నేను అన్నం తినలేదు.

అందుకని పెట్టాల్సిందే అని నేను ఎవరికీ చెప్పను. కులం తెలిసి అద్దె గది ఖాళీ చేయించిన ఓనర్లు నాకు తెలుసు. హాస్టల్ల ఉండి, రేపు ఎక్కడుంటవో తెలవని పిల్లకు ధైర్యం గురించి పాఠం చెప్పే హక్కు నాకు లేదు. చెల్లెతో అదే అన్న: పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందుగాల ఒక్క సంచి చెయ్యి, గడియారం పక్కన పెట్టుకొని చెయ్యి.

నిన్న రాత్రి ఫోటో పంపింది. పొలం గట్టు మీద పలక పట్టుకొని కూసున్న సావిత్రిబాయి. కింద "180 అక్కా, ఓకేనా?" అని. ఎన్ని గంటలు అని అడిగిన. నాలుగు అన్నది. గుడ్డ, రంగులు ఎంత అయినయ్ అంటే, 140.

లెక్క మళ్ళా చెయ్యమన్న. పదకొండు దాటినంక మెసేజ్ వచ్చింది: "540. ఎవరన్నా కొంటరా అక్కా?"

రెండు నాకు కావాలన్న. సగం, 540, అప్పుడే పంపిన.

(వచ్చే వారం: తోలు కొనేటప్పుడు మోసపోకుండ ఏమేం చూడాలె. జై భీమ్.)