నాలుగో పేరు

తద్దినంనాడు మూడు తరాల పేర్లు తడుముకోకుండా చెబుతాం. నాలుగో తరం ఎవరంటే పురోహితుడి ముఖం చూడవలసిందే! అమ్మమ్మ పుట్టింటివారి నాలుగో పేరు కోసం నెల్లూరు తీరాన దుగరాజపట్నం వెళ్లాను.

ఇసుక, సరుగుడు చెట్లు, ఆరేసిన వలలు. చెన్నపట్నం వెలియకముందే, 1626 ప్రాంతాన, ఇంగ్లీషు కంపెనీవారు ఇక్కడ బట్టల వర్తకం పెట్టారు. తమకు సాయపడిన ఆరుముగ మొదలియారు పేర దీన్ని ‘ఆర్మగాం’ అన్నారు. 1640లో మకాం మద్రాసుకు ఎత్తేశారు. దొరల పేర్లు కాగితాలకెక్కాయి. వారికి బట్ట నేసిచ్చినవారివో?

మాన్యం ఉన్న కుటుంబాలు కొంత అదృష్టవంతులు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టర్లలో మాన్యం ఎవరిచ్చారో, ఎవరు అనుభవిస్తున్నారో రాసిపెట్టారు. శాసనాలకైతే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టిగార్లు 1905లో అచ్చువేయించిన మూడు సంపుటాలున్నాయి. కాని రిజిస్టర్లలో, భర్త పోయి మాన్యం తన చేతికొస్తే తప్ప, ఆడదాని పేరు కనిపించడం అరుదు.

ఊళ్లో ఒక ముసలమ్మ నా ఇంటిపేరు విని పెదవి విరిచింది. “అది మీ నాయన వైపు. మీ అమ్మమ్మది ఏ ఇల్లో చెప్పు నాయనా!” అంది.

చెప్పాను. వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ అయిదు పేర్లు చెప్పింది. అందులో మూడు ఆడవాళ్లవి. బస్సు టిక్కెట్టు వెనక రాసుకున్నాను.