గుంపులో గోవింద

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా దారిలో ఎవరినైనా ఆపి "గ్రూప్" అని చూడండి. "వన్నా, టూనా?" అని ఠక్కున అడుగుతారు. ఆ గాలే అలాంటిది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో, టీ బడ్డీల దగ్గర, హాస్టలు గదుల్లో, ఎక్కడ చూసినా గ్రూప్ వన్, గ్రూప్ టూ పరీక్షలకి చదివే పిల్లలే. అంచేత "నేను గ్రూప్ పాలసీ చూస్తుంటానండీ" అంటే, మా వీధిలో ఆడవాళ్ళు "ఈ వయసులో పరీక్ష రాస్తున్నారా పిన్నిగారూ!" అని ముక్కు మీద వేలేసుకున్నారు.

పరీక్షా లేదు, పాడూ లేదు. ఒక శిక్షణ సంస్థలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఆఫీసు నారాయణగూడలో, పిల్లలు నమూనా పరీక్షలు రాసే ల్యాబు అశోక్ నగర్‌లో, పుస్తకాలు అచ్చుకి సిద్ధం చేసే విభాగం చిక్కడపల్లిలో. మూడు చోట్లా కలిపి 70 కంప్యూటర్లు. దేంట్లో ఏముండాలి, ఏముండకూడదు, ఎవరు దేన్ని ముట్టుకోవచ్చు అన్నది ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి చెప్పాలంటే నా మోకాళ్ళు ఒప్పుకోవు. వాటిని గుంపులుగా విడదీసి, ఏ గుంపుకి ఏ నియమమో నారాయణగూడలో కూచుని ఒకసారి రాసిపెడితే చాలు, మిగతా పని అవే చూసుకుంటాయి. దాని పేరే గ్రూప్ పాలసీ. 2000 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 2000తో పాటు తెచ్చారు. ఈనాటికీ ఎన్నో ఆఫీసులు దీని మీదే నడుస్తున్నాయి.

ఇదేదో బ్రహ్మవిద్య అనుకునేరు. కాపురం చేసిన ఏ ఆడదానికైనా అరగంటలో అర్థమవుతుంది. మన ఇళ్ళల్లో రూల్సు రెండు రకాలు కదండీ. వంటింట్లోకి చెప్పులతో రాకూడదన్నది గది రూలు. కలెక్టరుగారొచ్చినా గుమ్మం బయట విప్పాల్సిందే. చంటాడికి కాఫీ ఇవ్వకూడదన్నది మనిషి రూలు. వాడు అమ్మమ్మగారింటికి వెళ్ళినా అది వాడి వెనకాలే వెళ్తుంది (అమ్మమ్మలు వింటారా అన్నది వేరే సంగతి). ఇక్కడా సరిగ్గా రెండే అరలు. ఒకటి కంప్యూటరుకి, రెండోది దాని ముందు కూచునే మనిషికి. మొదటిది మెషీను లేవగానే, రెండోది మనిషి పాస్‌వర్డు కొట్టగానే అమల్లోకొస్తాయి. ఆ తర్వాత ప్రతి 90 నిమిషాలకీ, ఒక్కోసారి దానికి అరగంట దాకా కలుపుకుని, "కొత్త కబురేమన్నా ఉందా?" అని ప్రతి కంప్యూటరూ తనే అడిగి తెలుసుకుంటుంది. మా పిల్లలకి లేని బుద్ధి!

మరి ఒక రూలుకి ఇంకోటి అడ్డొస్తే ఎవరి మాట చెల్లుతుంది? ముందు ఆ మెషీనులోనే రాసి ఉన్నది, తర్వాత అది ఉన్న చోటుది, ఆ తర్వాత మొత్తం సంస్థది, చివర్న అది చేరిన చిన్న విభాగానిది వరసగా చదువుకుంటుంది. చివర చదివినదే చెల్లుతుంది. ఇంటిపెద్ద ఎన్ని చెప్పినా పొయ్యి దగ్గర నిలబడ్డావిడ మాటే నెగ్గినట్టన్నమాట. "పైవాళ్ళ మాటలు మాకక్కర్లేదు" అని ఓ విభాగం తలుపేసుకోవచ్చు కూడాను. అది వేరుకాపురం. కానీ పైవాళ్ళు "ఇది మాత్రం తప్పదు" అని ముద్ర కొట్టారంటే ఆ తలుపు కూడా ఆపలేదు. ఎంత దూరాన కాపురం పెట్టినా మామగారి తద్దినానికి రాక తప్పుతుందా?

సాఫ్ట్‌వేరు పంపడంలోనూ రెండు పద్ధతులు. విస్తట్లో వడ్డించెయ్యడం ఒకటి. కంప్యూటరుకి అలా వడ్డిస్తే మళ్ళీ ఆన్ చేసేసరికి అందులో ఎక్కి కూచుంటుంది. గిన్నె బల్ల మీద పెట్టి "కావలసినవాళ్ళు వేసుకోండి" అనడం రెండోది. ఇది మనుషులకే గానీ మెషీన్లకి పనికిరాదు, మెషీనుకి ఆకలి తెలీదు గనక.

ఇంత హైరానా ఎందుకంటారా? 2017 మే 12న వానాక్రై అని ఒక మహమ్మారి వచ్చింది. కంప్యూటర్లలో ఫైళ్ళకి తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానని కూచుంది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకి పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ అందులో ఉన్నాయి. చోద్యమేమిటంటే, దానికి మందు మార్చి 14నే విడుదలైంది. చాలాచోట్ల వేసుకోలేదు, అంతే. "రేపు వేసుకుంటాలే" అనే వీలు లేకుండా అందరికీ మందు పట్టించడం ఈ రూల్సు చేసే పుణ్యకార్యాల్లో ఒకటి.

అలాగని అందరికీ ఒక్క గుక్కలో పట్టించినా ప్రమాదమే. 2024 జూలై 19 ఉదయం 9.40 ప్రాంతంలో క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ, తన రక్షణ సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటర్లకి చిన్న ఫైలొకటి పంపింది. అందులో దోషం ఉంది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెరలతో నిలబడిపోయాయి. ఆవేళ మన శంషాబాదు విమానాశ్రయంలో కలకత్తా వెళ్ళే ప్రయాణికుడికి బోర్డింగ్ పాసు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో దేశమంతా చూసింది. అది గ్రూప్ పాలసీ వల్ల జరిగింది కాదు, దాని దారి వేరు. నీతి మాత్రం ఒకటే. వందమందికి పులిహోర కలిపేముందు ఓ ముద్ద నోట్లో వేసుకుని ఉప్పు చూడమా? ముందు ఓ చిన్న గుంపుకి పంపి, నాలుగు రోజులు చూసి, అప్పుడు అందరికీ పంపాలి. ఆ దెబ్బ తిన్నాక ఆ కంపెనీ కూడా విడతలవారీగానే పంపుతామంది.

ఇప్పుడు మా ఆఫీసు భాగోతం. ఎవరో కుర్రాడు పెన్‌డ్రైవులో వైరస్ తెచ్చాడు. రెండు రోజులు ల్యాబు మూసేశారు. మూడో రోజు మా యజమానిగారు నన్ను పిలిచి, "మేడమ్, ఇక పెన్‌డ్రైవులు బంద్. మనం జాబితాలో రాసినవి తప్ప ఏ ప్రోగ్రామూ నడవకూడదు. అందరికీ ఒకటే రూలు" అన్నారు. మాట సబబైనదే. నేను ల్యాబులో ఉన్న 40 మెషీన్లలో నాలుగింటిని విడిగా ఓ గుంపు చేసి, రూలు ముందు వాటికి పెట్టి, వారం రోజులు చూస్తానన్నాను. "ఎందుకండీ సాగదీత" అన్నారు గానీ ఒప్పుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం ఆ నాలుగింటిలో ఒకదాని ముందు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి కూచుంది. ఆ పిల్లకి చూపు లేదు. పెన్‌డ్రైవులో ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాము వెంట తెచ్చుకుంటుంది. తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపిస్తుందది, తెలుగు కూడా చదువుతుంది. దీన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన మొదలుపెట్టారు, జేమ్స్ తే చెయ్యి కలిపారు. ఇద్దరూ చూపు లేనివాళ్ళే. తమకి కావలసింది తామే చేసుకుని లోకానికి ఉచితంగా ఇచ్చారు. పాపం ఆ అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెన్‌డ్రైవు గుచ్చి, ఐదు నిమిషాలు కూచుంది. చెవిలో ఏమీ పలకలేదు. చుట్టూ పిల్లలు టకటకా ప్రశ్నలకి జవాబులు కొట్టేస్తున్నారు. "మేడమ్, ఈ మెషీన్ పాడైందా?" అని మెల్లిగా అడిగింది. మెషీను నిక్షేపంలా ఉంది. అందరికీ పెట్టబోయే రూలే ఆ పిల్లని బయట నిలబెట్టింది.

వెళ్ళి యజమానిగారికి చెప్పాను. "ఒకళ్ళకి సడలిస్తే నలుగురొస్తారు మేడమ్. పోనీ మూల ఉన్న ఒక్క మెషీనుకి మినహాయింపు ఇవ్వండి" అన్నారు. "సార్, ఆ మూల కుర్చీలో వేరే వాళ్ళు కూచుంటే ఆ అమ్మాయి ఎవర్ని లేపుతుంది? రేపు ఇంకో పిల్లాడొస్తే ఇద్దరూ ఒళ్ళో కూచుంటారా?" అన్నాను. ఆయన నవ్వారు గానీ జవాబు చెప్పలేదు. అప్పుడు నేనే అన్నాను: "మీ మాటే ఉంచుదాం సార్. అందరికీ ఒకటే రూలు. పెన్‌డ్రైవులు ఎవరికీ వద్దు. ఆ ప్రోగ్రాము 40 మెషీన్లలోనూ మనమే పెడదాం, జాబితాలోనూ రాద్దాం. పైసా ఖర్చు లేదు. మూడు మీటలు కలిపి నొక్కి పిలిస్తే తప్ప నోరు మెదపదు."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, "కానీండి" అన్నారు. ఆ శనివారం సాయంత్రం రాసిపెట్టాను. సోమవారం పొద్దున్న ల్యాబు తెరిచేసరికి నలభైకి నలభైలోనూ ఉంది.

అందరికీ ఒకటే రూలన్న మాటలో తప్పేం లేదమ్మా. ఆ "అందరూ" ఎవరెవరో రాసేముందు ఓసారి లెక్కపెట్టుకోవాలి. ఇంట్లోనూ అంతేగా. "అందరి భోజనాలూ అయ్యాయి, ఇక వంటిల్లు సర్దేద్దాం" అంటాం. సర్దే మనిషి తిన్నదో లేదో అడిగేవాళ్ళు ఎంతమంది?

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూచుంటోంది. మొన్న కిటికీ పక్క కుర్చీ దొరికింది. అక్కడ గాలి బాగా వస్తుందిట.