ఉరికొచ్చినోళ్ళు

మా బడిలో, హెడ్మాస్టరు గది గోడకు లింకన్ ఉత్తరం ఒకటి ఫ్రేము కట్టి వేలాడుతుంటుంది. కొడుకు చదివే బడి పంతులుకు రాశాడట. ప్రతి సెప్టెంబరు 5న ఎవరో ఒకరు దాన్ని మైకులో చదువుతారు. అది లింకన్ రాసినట్టు ఆధారమేదీ దొరకలేదు. ఆ సంగతి చెబితే సభ చప్పబడిపోతుందని ఎవరూ ఎత్తరు.

సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో మాకు చెప్పిన లింకన్ కూడా అట్లాంటివాడే. చెక్క గుడిసెలో పుట్టాడు, పొయ్యి వెలుగులో చదివాడు, ప్రెసిడెంటయ్యాడు, మీరూ అట్ల చదవండ్రా అనేవాళ్ళు. లింకన్ బీదవాడే. కానీ దప్పికయితే దూరం నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పోసినవాళ్ళు ఆయనకు లేరు. ఆయన బీదరికం, మా బీదరికం ఒక్క తీరువి కావని చెప్పిన సారు మాకు దొరకలేదు.

స్పీల్‌బర్గ్ తీసిన ‘లింకన్’ సినిమా 2012లో వచ్చింది. నేను మొన్న ఎండాకాలం సెలవుల్లో చూశాను, ఇంట్లోనే, లాప్‌టాప్‌లో. పక్కన మా నాయిన కూచున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆపుకుంటూ, కథ చెప్పుకుంటూ పోయాను.

సినిమా దాదాపు 1865 జనవరి నెల ముచ్చటే. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ సెనేట్‌లో 1864 ఏప్రిల్‌లోనే గెలిచింది. ప్రతినిధుల సభలో మూడింట రెండు వంతుల ఓట్లు చాలడం లేదు. 1863లో తను ఇచ్చిన విముక్తి ప్రకటన యుద్ధకాలపు ఉత్తర్వు గనక, యుద్ధమయ్యాక కోర్టులో నిలబడదేమోనని లింకన్ భయం. అందుకని ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికి పోబోతున్న సభ్యులకు ఉద్యోగాలు ఆశపెట్టి ఓట్లు పోగేయిస్తాడు. నాయినకు ఇది బాగా ఎక్కింది. “సర్పంచి ఎలచ్చన్ల లెక్కనే ఉన్నది గదరా” అన్నాడు. జనవరి 31న 119 ఓట్లు ఒకవైపు, 56 ఒకవైపు. ఫలితం తెలిసిన కథే, అయినా లెక్కపెడుతుంటే నా గుండె దడదడలాడింది. డేనియల్ డే లూయిస్ నటనను మెచ్చుకోక తప్పదు.

మధ్యలో నాయిన అడిగాడు. “ఇంత కొట్లాట ఎవల గురించిరా?”

“నల్లోళ్ళ గురించి నాయినా.”

“మరి వాళ్ళేరి?”

సినిమా ఆపేశాను. ఉన్నారు. మొదట్లో ఒక నల్ల సైనికుడు సమాన జీతం సంగతి, నల్ల ఆఫీసర్లు లేని సంగతి లింకన్ ముఖం మీదే అడుగుతాడు. తర్వాత పనివాళ్ళు, గ్యాలరీలో కూచుని చూసేవాళ్ళు. లింకన్ భార్యకు బట్టలు కుట్టే ఎలిజబెత్ కెక్లీ ఉంది. బానిసగా పుట్టి, 1855లో 1,200 డాలర్లు కట్టి తననూ కొడుకునూ విడిపించుకున్న మనిషి. 1868లో తన కథ తనే పుస్తకంగా రాసింది. సినిమాలో ఆమెతో లింకన్, మీరు నాకు తెలియదు, అలవాటు పడతాననుకుంటా అన్నట్టు మాట్లాడతాడు. నిజాయితీ ఉన్న మాటే. మా ఊరి పెద్దమనుషులకు మా వాడ అంతకన్నా తెలియదు, కాకపోతే ఒప్పుకోరు.

ఫ్రెడరిక్ డగ్లస్ ఒక్క సీనులోనూ లేడు. బానిసగా పుట్టి, పారిపోయి వచ్చి, వైట్‌హౌస్‌కు పోయి లింకన్‌తో మాట్లాడినవాడు. ఇంచుమించు 1,80,000 మంది నల్లవాళ్ళు ఉత్తరాది సైన్యంలో చేరారు. 1861 మేలో, లింకన్ ప్రకటనకు ఏడాదిన్నర ముందే, వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో మన్రో కోటకు చేరుకున్నారు. అక్కడి సేనాపతి బట్లర్ వాళ్ళను తిరిగి అప్పగించనన్నాడు. వాళ్ళ వెనక వేలమంది కదిలారు. సవరణ కాగితం ఇవన్నీ అయినంక వచ్చింది. అమెరికా వార్త మన దాకా రాకపోలేదు. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని ఆ దేశపు మంచివాళ్ళకే అంకితమిచ్చాడు.

పడవ సంగతి నాయినకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన సంగతి తీశాడు.

తాత దొర దగ్గర జొన్నలు అప్పు తెచ్చాడు. దానికింద నాయినను పదేళ్ళప్పుడే జీతం పెట్టారు. పొద్దున గటక, రాత్రి కొట్టంలో పశువుల పక్కన పడక. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. విడుదలైనవాళ్ళకు సర్టిఫికెట్ ఇస్తారు. మా ఊళ్ళో ఆ మాట చెప్పినవాడు లేడు. 1978లో ఒక రాత్రి నాయిన జనగామ దాకా నడిచి, రైలెక్కి పట్నం పోయాడు. పని కోసం పోయిన అనే ఇన్నేళ్ళూ మాతో అన్నాడు.

“నన్నెవడిడిపిచ్చిండురా? నేనే ఉరికొచ్చిన. బర్లను కట్టేసే ఉరికిన.”

“కట్టేసుడెందుకు?”

“అవి ఎవని చేన్ల వడ్డా మీ తాతను కొడ్తరు గద.”

“కొట్టిండ్రా మరి?”

జవాబు చెప్పలేదు. సినిమా పెట్టమన్నాడు.

ఓటింగ్ అయ్యాక స్టీవెన్స్ అనే సభ్యుడు ఆ సవరణ కాగితం ఇంటికి తెచ్చి, తన ఇల్లు చూసుకునే లిడియా స్మిత్ చేతికిస్తాడు. మంచంమీద కూచుని ఆమె గట్టిగా చదువుతుంది. కాగితం ఇంటికి తేవడం సినిమావాళ్ళ కల్పనే. అయినా రెండున్నర గంటల్లో నాకు నచ్చిన సీను అదే. ఏం చదువుతున్నదని నాయిన అడిగాడు. బానిసత్వం, వెట్టి ఇక ఉండవని చెప్పాను, నేరానికి శిక్షగా తప్ప అని కూడా.

“నేరం జేసిన్రని ఎవలు జెప్తరు?” అన్నాడు.

అక్కడ జరిగిందీ అదే. పనిలేక తిరుగుతున్నారని నల్లవాళ్ళను పట్టుకుని, శిక్ష వేసి, గనులకూ తోటలకూ కిరాయికిచ్చారు. సినిమా అంతదాకా పోదు. మిసిసిపీ రాష్ట్రమైతే 1865లో కాదన్న సవరణను 1995లో ఒప్పుకుంది. ఆ కాగితం పైకి పంపలేదని ఈ సినిమా చూసిన ఒక ప్రొఫెసరు ఆరా తీస్తేనే బయటపడింది. 2013లో పంపారు.

జూన్‌లో బడి తెరిచాక ఎనిమిదో తరగతిలో ఆ పడవ సంగతి చెప్పాను. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి వాళ్ళ పేర్లేంటి సార్ అని అడిగింది. ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ. బోర్డు మీద రాశాను. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు.